తల్లి పూచీ – సంఘపు బాధ్యత

“తల్లి చేనిలో మేసిన దూడ గట్టున మేయునా?” యను సామెత మనవారి నాలుకపై నెప్పుడును సిద్ధముగా నుండును. ఇరుగింటి కుఱ్ఱవాడు సెల్‌ఫోను దొంగిలించి పట్టుబడినాడని వినినంతనే మనము విచారణ ముగించి తీర్పు చెప్పివేయుదుము. తల్లి పెంపకము మంచిది కాదు, తండ్రి త్రాగుబోతు, ఆ యింటి వాసనయే యట్టిది. ఇంతటితో మన కర్తవ్యము తీరినదని తలంచి మన పనులకు బోవుదుము. మేమును చిరకాల మీ సామెతను నమ్మినవారమే. ఇరువదియేండ్లుగా బడిపిల్లలకు నీతి బోధించుచు దాని నెన్నియో మాఱులు ఉదాహరించినవారమే. ఇప్పు డీ వ్యాసము వ్రాయుటకు గారణము, ఆ సామెత పేరిట మా చేతులమీదుగా జరిగిన యొక యన్యాయము. దానిని చెప్పుటకు ముందు విషయ మెట్టిదో చదువరులకు దెలుపవలసి యున్నది.

మన దేశమున పదునెనిమిదేండ్లు నిండని బాలునిపై గాని బాలికపై గాని నేరారోపణము వచ్చినపుడు, 2015 సంవత్సరపు బాలన్యాయ చట్టము ననుసరించి విచారణ జరుగును. పోలీసులు వానిని లాకప్పులో నుంచరాదు, జైలునకు బంపరాదు. ఇరువదినాలుగు గంటలలో జువెనైల్ జస్టిస్ బోర్డు అను బాలన్యాయ మండలి యెదుట నిలుపవలెను. ఆ మండలిలో నొక మేజిస్ట్రేటును, ఇద్దఱు సంఘసేవకులును కూర్చుందురు. ఆ యిద్దఱిలో నొకరైనను స్త్రీ కావలెను. నేరము చేసినట్లు తేలినపుడు మండలి యీయదగిన యుత్తరువులను చట్టము 18వ సెక్షనున చెప్పినది. మందలించి యింటికి బంపవచ్చును, సంఘసేవ చేయింపవచ్చును, జుల్మానా వేయవచ్చును, మూడేండ్లకు మించకుండ ప్రత్యేక గృహమున నుంచవచ్చును. ఈ నడుమ నున్నది ప్రొబేషను. అనగా, బాలుని సత్ప్రవర్తన షరతుపై విడిచి, తల్లిదండ్రులకో సంరక్షకునకో యోగ్యుడైన వేఱొకనికో అప్పగించుట. ఆ యప్పగింపు ఊరక జరుగదు. బాలుడు మంచిగా నడచుకొనుననియు, వాని బాగోగులు తాము చూతుమనియు, ఆ తల్లి గాని తండ్రి గాని పూచీకత్తు వ్రాసి యీయవలెను. దాని గడువు మూడేండ్ల వఱకు నుండవచ్చును. పదునాఱేండ్లు దాటినవారు చేసిన ఘోరనేరముల విచారణ మార్గము వేఱు. దానిని మే మిచట ముట్టము. మేము చెప్పబోవునది చిన్న దొంగతనములు, కొట్లాటలు, ఎవరిదో మోటారుసైకిలు ఎత్తుకొనిపోవుట మొదలగు వానిని గూర్చియే.

ప్రొబేషను అను మాట, పరీక్షించుట యను నర్థము గల లాటిను పదమునుండి వచ్చినది. పరీక్షకు గూర్చున్నవాడు బాలుడని లోకము తలంచును. కాని యుత్తరువు తీసి చదివి చూడుడు. పూచీపడి వ్రాలు చేసినది తల్లి. వాడు బడికి బోకున్నను, చెడు సహవాసము మానకున్నను, మండలి యెదుట తలవంచుకొని సమాధానము చెప్పుకొనవలసినది ఆమెయే. మా వాద మంతయు నింతే. పూచీ పుచ్చుకొన్న ప్రభుత్వమును, దానిని న్యాయమని మెచ్చుకొన్న సంఘమును, ఆ పూచీ చెల్లించుకొనుటకు వలసిన తోడ్పాటు నీయకపోయినచో, ఆ యుత్తరువు దయ కానేరదు. అది బరువును బలహీనుల వీపునకు మార్చుట మాత్రమే.

బాల్యమున చేసిన తప్పునకు పెద్దల దండనము తగదను తలంపు పడమటినుండి దిగుమతి యైనదని కొందఱు పరిహసింతురు. వారు భారతమును మఱచిరి. ఆదిపర్వమున మాండవ్యుని కథ గలదు. చిన్ననాట పురుగులను గడ్డిపోచతో గ్రుచ్చిన తప్పునకు ఫలముగా కొఱతపై వేదన పడిన యా ముని, యమధర్మరాజును నిలదీసెను. పదునాలుగేండ్ల లోపున చేసినది పాపముగా లెక్కకు రాగూడదని కట్టడి చేసెను. తప్పునకు మించిన శిక్ష విధించినందులకు ఆ ధర్మునే మనుష్యుడై పుట్టుమని శపించెను. విదురుని పుట్టుక కదియే కారణమని మనము చదివియున్నాము. ఇక చట్టముల సంగతి. ఆంగ్లేయుల కాలమున 1850లో వచ్చిన అప్రెంటిసుల చట్టము, చిన్న నేరములు చేసిన పిల్లలను చెఱకు బదులు పనివాండ్రకడ శిష్యులుగా నుంచుట కవకాశ మిచ్చెను. 1920లో చెన్నరాజధానిలో పుట్టిన బాలల చట్టము ఈ దేశమున నీ తరహా చట్టములలో మొదటిది. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు ఆ రాజధానిలోనివే. స్వాతంత్ర్యానంతరము 1986లోను, 2000లోను, 2015లోను పార్లమెంటు వరుసగా చట్టములు చేసినది. చట్టములకు మనకు కొఱత లేదు.

ప్రొబేషను పద్ధతికి మూలపురుషుడు న్యాయాధిపతియు గాడు, పోలీసు అధికారియు గాడు. అమెరికాలోని బోస్టను నగరమున బూట్లు కుట్టుకొని జీవించిన జాన్ ఆగస్టస్ అను నతడు. 1841లో ఆయన న్యాయస్థానమున నొక త్రాగుబోతునకు తానే జామీను నిలిచి చెఱ తప్పించెను. 1859లో మరణించునప్పటి కిట్లు సుమారు రెండు వేలమందికి పూచీపడెను. వారిలో చిన్నపిల్లలును గలరు. గమనింపవలసిన దేమనగా, పూచీ ఆయనది. పని వెదకి పెట్టినదియు, తల దాచుకొన చోటు చూపినదియు నాయనయే. పూచీయు తోడ్పాటును ఒక్క చేతిలో నుండెను. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రము దీనిని చట్టముగా జేసి జీతపు టధికారిని నియమించెను. కాలక్రమమున తోడ్పాటు దస్త్రములలో చిక్కుకొనగా, పూచీ మాత్రము తల్లి నెత్తికి వచ్చినది.

ఇక మా కథ. బాలుని గుర్తు బయటపెట్టుటను 74వ సెక్షను నిషేధించుచున్నది గావున కొన్ని వివరములు మార్చి చెప్పుచున్నాము. మేము పనిచేయు బడిలో తొమ్మిదవ తరగతి చదువుచుండిన పదునైదేండ్ల బాలుడొకడు, తనకంటె పెద్దవారగు నిద్దఱితో గూడి యొక మోటారుసైకిలును దోలుకొనిపోయి, పెట్రోలు అయిపోయినచోట విడిచి, పట్టుబడెను. కొన్ని వారములు పరిశీలన గృహమున నుండి బెయిలుపై వచ్చెను. పిదప మండలి వానిని రెండేండ్ల ప్రొబేషనుపై తల్లి కప్పగించెను. ఆమె నాలుగిండ్లలో పాచిపని చేయునది. భర్త తాపీపనివాడు, పరంజామీదినుండి పడి నడుము విఱిగి మంచము పట్టి యప్పటికి సంవత్సరము దాటినది. ఆమె తెల్లవాఱక మునుపే పనికి బోవును. చీకటి పడినపిమ్మట వచ్చును. కుఱ్ఱవాడు వీధిన బడుట ఆ నాటినుండియే మొదలైనది. ఇదంతయు మాకు పిదప దెలిసినది. ముందుగా దెలిసికొనుటకు మేము ప్రయత్నింపలేదు.

ఆమె కుమారుని వెంటబెట్టుకొని, వానిని మరల తరగతిలో కూర్చుండనిమ్మని వేడుకొన వచ్చెను. ప్రధానోపాధ్యాయుడు మా యభిప్రాయ మడిగెను. విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వయసు వారికే వర్తించుననియు, ఎనిమిదవ తరగతి దాటినవానిని చేర్చుకొని తీరవలెనని యది చెప్పలేదనియు మే మెఱుగుదుము. ఆ సందును చూపించితిమి. తక్కిన పిల్లలు చెడిపోదురంటిమి. అంతటితో నూరకుండక, ఆమె వినుచుండగనే పైన జెప్పిన సామెతను పలికితిమి. ఆమె చేతులింకను తడిగా నుండెను. మా ముఖమును జూచి యిట్లనెను: “అయ్యగారూ, నేను చేలో మేసినదాన్ని కాదు. చేలో కూలికి కలుపు తీసినదాన్ని.” మేము మాఱు పలుకలేకపోతిమి. అయినను తలుపు తెఱవలేదు.

మూడు నెలలు గడచెను. ఒక ఆదివారమునా డామె యొక కాగితము చేత బట్టుకొని మా యింటికి వచ్చెను. మా యెడ గౌరవముచేత గాదు. ఆ వీధిలో ఇంగ్లీషు చదువగలవారము మేమని యెవరో చెప్పినందున. “ఇందులో ఏముందో చదివి చెప్పండయ్యా. వేలిముద్ర వేశాను గాని, ఏం రాసుకున్నారో నాకు తెలియదు. పిల్లాడు బడికి పోవడం లేదేమని ఆఫీసరుగారు కోప్పడ్డారు” అనెను. చదివితిమి. అది మండలి యుత్తరువు. అందు షరతులు వరుసగా నున్నవి. బాలుడు నియమముగా బడికి బోవలెననునది వానిలో నొకటి.

చదువరులు మా యప్పటి స్థితిని ఊహించుకొందురు గాక. బడి తలుపు మూసినవారము మేము. షరతు తప్పినట్లు లెక్క వ్రాయబడినది ఆమె పేర. చట్టము విధించిన షరతు చెల్లకుండ చేసినవానికి పూచీ లేదు, జుల్మానా లేదు, మందలింపైనను లేదు. నీతిబోధకు డనిపించుకొని నెలజీతము పుచ్చుకొనుచున్నాడు.

ఆ దినమునుండి మే మామెతో గూడ మండలికి బోయి వచ్చుచుంటిమి. అప్పుడు గాని ఆమె మోయుచున్న బరువు లెక్కకు రాలేదు. విచారణ నాలుగు నెలలలో ముగియవలెనని చట్టమున నున్నది. ఆ విచారణకై ఆమె జిల్లా కేంద్రమునకు బస్సెక్కినది పదునొకండు మాఱులు. పోయిన ప్రతిదినమును కూలి పోయినది. పనియిండ్లలో రెండు, దొంగవాని తల్లిని వంటయింటిలోనికి రానీయమని మానిపించినవి. స్త్రీలకును బాలలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కును 1987 సంవత్సరపు న్యాయసేవల చట్టము 12వ సెక్షను ఇచ్చియున్నది. ఆ మాట ఆమెకు జెప్పినవారు లేరు. మెడలోని పుస్తెలు తాకట్టు పెట్టి వకీలున కిచ్చినది. పేటలో నెక్కడ ఏ వస్తువు పోయినను ముందుగా తలుపు తట్టబడునది ఆ యింటిదే. ఇల్లు గలవాడు ఖాళీ చేయుమనెను. చిన్నకూతురు బడిలో తోడిపిల్లల మాటలు పడలేక ఇంట గూర్చుండెను. తీర్పు చెప్పబడినది ఒకనికి, అనుభవించుచున్నది ఇంటిల్లిపాదియు.

ఈ దుస్థితి అధికారులకు దెలియదా? తెలియును. అందే మా ఫిర్యాదు. బాలుడు పట్టుబడినంతనే ప్రొబేషను అధికారి రెండు వారములలో సామాజిక పరిశోధన నివేదిక సిద్ధపఱుపవలెను. ఆ నమూనాలో తండ్రి పని యేమి, ఆదాయ మెంత, ఇంట జబ్బు గలదా, వ్యసనము గలదా, ఆలుమగల పొందిక యెట్టిది యను ప్రశ్న లన్నియు గలవు. ఈ యింటి నివేదికలో తండ్రి మంచమున నున్నాడనియు, తల్లి యింట నుండుటకు వీలు లేదనియు స్పష్టముగా వ్రాసియే యున్నది. వైద్యుడు నాడి చూచి, రోగలక్షణము లన్నియు వ్రాసికొని, మందు వ్రాయకుండ లేచిపోయిన ట్లున్నది. ఆ యధికారిని దూషించుట మా యుద్దేశము గాదు. ఆయన మంచివాడే. జిల్లా యంతటి కాయన వంటివారు ఒక్కరో యిద్దఱో. నివేదికలు వ్రాయుటకే దినములు చాలవు. ఇక పోయి యొక తల్లికడ గూర్చుండి ఆమె చెప్పునది వినుట కవకాశ మెక్కడిది?

చట్టమున మందు లేకపోలేదు. అదే చట్టము 45వ సెక్షనున, పిల్లలను కుటుంబమునుండి వేఱుచేయకుండుటకై కుటుంబమునకు ధనసహాయము చేయు స్పాన్సర్షిప్పు పద్ధతిని చెప్పినది. తల్లి వితంతువైనను, భర్త విడిచినదైనను, తల్లిదండ్రులు ప్రాణాంతకవ్యాధి పీడితులైనను, ప్రమాదమువలన పిల్లలను పోషింపజాలని స్థితిలో నున్నను ఆ సహాయమున కర్హులు. 2022లో వెలువడిన మిషన్ వాత్సల్య నియమములను బట్టి అది నెలకు 4,000 రూపాయలు; కుటుంబపు వార్షికాదాయము పల్లెలలో 72,000, ఇతర ప్రాంతములలో 96,000 రూపాయలకు మించరాదు. పరంజామీదినుండి పడినవాని బిడ్డలకు గాక యీ నాలుగు వేలు మఱెవరికి? ఒకే యధికారుల చేతులలో ఒకవైపు ఆమె దైన్యము వ్రాసిన నివేదికయు, మఱొకవైపు ఆ దైన్యమునకు నియమింపబడిన సహాయమును ఉండెను. ఆ రెండు కాగితములను కలిపినవారు లేరు. మేము దరఖాస్తు వ్రాయించి యాఱు నెలలైనది. ఇంకను పరిశీలనలో నున్నదట.

మా వాదమునకు వచ్చెడి ఆక్షేపణలు మే మెఱుగుదుము. తోడి యుపాధ్యాయుల నోటనే వినియున్నాము.

మొదటిది: తప్పు తల్లిదండ్రులదే గావున వారిని దండింపవలెను గాని యాదరింపరాదని. ఇట్టివారికి 18వ సెక్షనులోని జుల్మానా మిక్కిలి ప్రియమైనది. దానిని బాలునిపైననే గాక తల్లిదండ్రులపైనను వేయవచ్చును. నేరగణన నివేదికలను చూపి, పట్టుబడిన బాలలలో పదింట ఎనమండుగురికి పైగా తల్లిదండ్రులతో నివసించువారే గదా, ఇక తప్పెవరిదని వీరు ప్రశ్నింతురు. ఆ లెక్క నిజమే. దాని యర్థము వేఱు. వీరు దిక్కులేని పిల్లలు కారు. ఒక యింటినుండి వచ్చినవారు, మరల ఆ యింటికే పోవలసినవారు. 2022 నివేదికను జూడగా పట్టుబడినవారిలో ఇంచుమించు నాలుగైదవ వంతులు పదునాఱు పదునెనిమిదేండ్ల నడుమ నున్నవారు. ఏడాదిలోనో రెండేండ్లలోనో వారు పెద్దలగుదురు. అప్పు డెదుట నుండునది పెద్దల చెఱసాల. ఈ కొద్ది కాలమున వారిని నిలుపదగిన చోటు ఆ యిల్లొక్కటియే. పాచిపని చేసికొనుదానిపై జుల్మానా వేసినచో అది యేమగును? ఆ యింటి బియ్యపుడబ్బా తఱుగును. ఆమె మఱొక యింట పని యొప్పుకొనును. కుఱ్ఱవాడు మఱి రెండు గంటలు వీధిలో నుండును. పెంపకమునకు తీరిక లేదని నేరము మోపి, ఉన్న తీరికను గూడ లాగికొనుట యే నీతి? అమెరికాలోని కాలిఫోర్నియాలో పిల్లవానిని నిర్బంధించిన దినములకును, వానిపై కనిపెట్టి యుండినందులకును తల్లిదండ్రులకు బిల్లులు పంపు నాచార ముండెడిది. ఆ రాష్ట్రము 2017లో చట్టము చేసి 2018 జనవరి 1 నుండి దానిని మాన్పించెను. వారు విడిచిన దారిని మనము క్రొత్తగా త్రొక్కనక్కఱలేదు.

రెండవది: దొంగతనము చేసినవాని యింటికి సొమ్మిచ్చినచో, నీతిగా బ్రతుకు పేదవాని కేమి సమాధానము చెప్పుదువని. ఇది మొదటిదానికంటె బలమైన ప్రశ్న, తేలికగా త్రోసివేయరాదు. మా యుత్తరము రెండు భాగములు. ఆ సహాయము నేరమునకు వెల గాదు; పైన జెప్పిన దైన్యములకు నియమింపబడినది. నీతిగా బ్రతుకు పేదవానికిని అది రావలెను. వానికి రాకపోవుట మఱొక యన్యాయము. ఒక యన్యాయము మఱొకదానికి సమాధానము గానేరదు. ఇక రెండవ భాగము. ఆ బాలునే ప్రత్యేక గృహమున నుంచినచో తిండి, బట్ట, కావలి, కట్టడము, వంటవాడు, అధికారి, అన్నియు మన పన్నులనుండియే. అప్పుడు గొణుగువా డొకడును లేడు. అందులో నల్పభాగము తల్లి చేతికి బోయినప్పుడే మనకు నీతి గుర్తునకు వచ్చును. సంస్థలలో నుంచుట తుదిమార్గము మాత్రమే కావలెనని చట్టము 3వ సెక్షనులోని మూలసూత్రములలో నొకటి. సొమ్మంతయు తుదిమార్గమునకు బోసి, మొదటిమార్గమున ఇసుక పోయుచున్నాము.

మూడవది: కొన్ని యిండ్లు నిజముగనే చెడ్డవని, తండ్రియే కొడుకును దొంగతనమునకు బంపు నిండ్లు గలవని. గలవు. అట్టిచోట బాలుని యోగ్యుడగు వేఱొకని కప్పగించుటకును, తగిన సంస్థలో నుంచుటకును చట్ట మవకాశ మిచ్చియే యున్నది. దాని నచట వాడవలసినదే. నూఱింట నాలుగిండ్లు చెడ్డవని తక్కిన తొంబదియాఱింటిని పస్తు పెట్టుట వివేకము గాదు.

నాలుగవది గూడ గలదు. సొమ్ము పోగొట్టుకొన్నవాని మాట యేమి? మోటారుసైకిలు గలవాడును బీదవాడే గావచ్చును. ఈ ప్రశ్నకు న్యూజీలాండువారు 1989లో చట్టము చేసి చూపిన సమాధానము మాకు నచ్చినది. అచట నేరము చేసిన బాలుని విషయమున కుటుంబ సమావేశము జరుపుదురు. బాలుడును, వాని తల్లిదండ్రులును, పెద్దలును, పోలీసులును, నష్టపడినవాడును ఒక్కచోట గూర్చుందురు. ఏమి చేయవలెనో ఆలోచించుకొనుటకు కుటుంబమునకు వేఱుగా సమయ మిత్తురు. వారు తెచ్చిన యేర్పాటును అందఱును చర్చింతురు. తెల్లవారు తెచ్చిన కోర్టులకంటె, కుటుంబమును ముందుంచుకొను మావోరీల సంప్రదాయమే దీనికి చేరువ. అందు నష్టపడినవాని మాటకు విలువ గలదు. తల్లి మాటకును విలువ గలదు. మన మండలిలో తల్లి బల్లప్రక్కన నిలుచుండి వేలిముద్ర వేయుటకే పిలువబడుచున్నది.

కావున చేయవలసిన దేమి? మేము కోరునవి ఆకాశకుసుమములు గావు. ఉత్తరువును, పూచీకత్తును తెలుగున వ్రాసి, తల్లికి బిగ్గఱగా చదివి వినిపించి, ప్రతి నొకదానిని చేతికీయవలెను. తెలియని మాటకు పూచీపడుట పూచీ గాదు. సాక్షికి బత్తా యిచ్చుట న్యాయస్థానములకు చిరకాలముగా దెలిసిన పని. కూలి పోగొట్టుకొని వచ్చిన తల్లికిని అట్టి బత్తా యేల యీయరాదు? పరిశోధన నివేదికలో 45వ సెక్షనునకు సరిపడు దైన్యము కనబడినపుడు, ఆమె యడుగువఱకు వేచియుండక, ఆ నివేదికతోడనే సహాయపు దరఖాస్తు మండలికి బోవలెను. బడికి బోవలెనను షరతు విధించునప్పుడే ఏ బడియో పేర్కొని ఆ బడివారికిని ఉత్తరువు పంపవలెను. షరతు తల్లికి మాత్రమే గాక మాకును వర్తింపవలెను. త్రాగుడో గంజాయియో యున్నచోట బాలునికే గాక, అవసరమైనచో తండ్రికిని చికిత్స కుదుర్పవలెను. బాలల విషయమున పోలీసులు యూనిఫారము లేకుండ మెలగవలెనను నియమమును, పేటలో నేది పోయినను ఆ యింటిపై బడు నలవాటును ఒక్కచోట నుంచి చూచుకొనవలెను. ప్రొబేషను అధికారుల సంఖ్య పెంచవలెను. వారు తలుపు తట్టినపుడు తప్పు పట్టుట కెవరో వచ్చిరని గాక, పని చక్కబెట్టుట కొకరు వచ్చిరని తల్లికి దోచవలెను.

ప్రభుత్వమునకు జెప్పి యూరకుండుట మన కలవాటు. మనము చేయవలసినది గలదు. ఊరూర డ్వాక్రా సంఘములు గలవు. బిడ్డ ప్రొబేషనుపై నున్న తల్లిని అవి వెలివేయక అక్కున జేర్చుకొన్నచో, మండలికి బోవునాడు తోడుగా నొకతె, ఆమె వచ్చువఱకు ఇంటికడ మఱియొకతె దొరకును. వకీళ్లు ఉచిత న్యాయసహాయపు మాటను ముందుగా చెప్పి పిదప తమ ఫీజు మాట యెత్తవలెను. ఇండ్లలో పనిచేయించుకొను గృహిణులు, కొడుకు తప్పునకు తల్లిని పనినుండి తీసివేయుట రెండవ శిక్ష యని యెఱుగవలెను. ఈ చట్టమున విచారింపబడిన బాలునికి ఆ తీర్పువలన నే యనర్హతయు నంటదని 24వ సెక్షను చెప్పుచున్నది. పెద్దలవలె విచారింపదగునని తేలిన కొన్ని ఘోరనేరములు మాత్రమే దానికి మినహా. చట్టము మఱచుట కొప్పుకొన్నదానిని మనము చెవులు కొఱుక్కొనుచు జ్ఞాపకముంచుకొనుచున్నాము.

ఉపాధ్యాయ సోదరులకు వేఱుగా నొకమాట. మనము తఱచు చెప్పు మఱొక సామెత, “మొక్కై వంగనిది మానై వంగునా?” యనునది. ఆ మొక్క మన తోటలోనే యుండెను. తొమ్మిదేండ్లు మన తరగతులలో గూర్చుండెను. తండ్రి పడిపోయిన నెలనుండి వాడు బడికి రాని దినములు మన హాజరుపట్టీలోనే యున్నవి. ఆ చుక్కలను జూచి యొక్కరమైనను ఆ యింటికి బోయి యుండినచో, మోటారుసైకిలు దాని యజమాని యింటనే యుండెడిది కాబోలు. వంగలేదని మొక్కను నిందించుటకు ముందు, నీరు పోయవలసినవా రెవరో యడుగుకొందము.

ఆ బాలు డిప్పుడు సార్వత్రిక విద్యాపీఠమున పదవ తరగతికి పేరు వ్రాయించుకొని, ఆదివారములందు మాకడ చదువుకొనుచున్నాడు. లెక్కలలో మందుడు, చేతిపనిలో చుఱుకు. రెండుమాఱులు రాకుండ పోయెను. రెండుమాఱులును మేము వాని యింటికి బోయితిమి. వాడు తప్పక బాగుపడునని మేము జోస్యము చెప్పజాలము. పూచీకత్తు గడువింక పదునొకండు నెలలున్నది. ఆ కాగితముమీద వేలిముద్ర ఆమెది యొక్కతెదే. మా బడిలో వాని స్థానము నేటికిని వానికి దొరకలేదు. దానికై ప్రధానోపాధ్యాయునకు మేము వ్రాసియిచ్చిన యర్జీ బల్లమీద నున్నది. ఈ వ్యాసము చదివిన యుపాధ్యాయుల బడులకును అట్టి తల్లి యొకతె యీ సంవత్సరము వచ్చును. ఆమె యేమి చేనిలో మేసినదో యడుగకుడు. కూర్చుండుటకు కుర్చీ వేసి, ఆమె చేతిలోని కాగితమును తీసికొని చదివి వినిపింపుడు.